ఊళ్ళో పేరున్న మనిషి కాదు

ఫిబ్రవరి 9

మూడో అంతస్తు నుంచి ఇవాళ మళ్ళీ పేరు రాయని రక్తం సీసా పంపారు. వెనక్కి పంపేశాను. కాసేపటికి నర్సే దిగి వచ్చింది. "ముసలాయనండీ, మళ్ళీ సూది గుచ్చితే పాపం కదా. ఈ ఒక్కసారికి తీసుకోండి" అంది. "ఆ పాపం నీది, నాది కాదు. పేరు రాయనిది నువ్వు" అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్ళింది. ల్యాబ్‌లో వెనకాల నన్ను రిజెక్టమ్మ అంటారని నాకు తెలుసు. అననీ. ఎవరి రక్తమో తెలియకుండా రిపోర్టు రాసేవాళ్ళకంటే రిజెక్టమ్మ నయం.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆట తెరిచాను. కొత్తగా చేరిన డాక్టరమ్మ పక్కన కూర్చుని, ఈ వయసులో ఫోన్‌లో ఆటలేమిటండీ అంది. చెప్పాల్సి వచ్చింది. ఇది మన వీధుల మీదే ఆడే ఆట. ఫలానా గడియారస్తంభం, ఫలానా శిల్పం, పార్కు గేటు, ఇలా మ్యాపులో గుర్తులుంటాయి. వాటి దగ్గరికి కాళ్ళతో నడిచి వెళ్తేనే పాయింట్లు. కొత్త గుర్తు కావాలంటే ఎవరైనా ఫొటో తీసి నాలుగు మాటలు రాసి పంపొచ్చు. అది రూలు ప్రకారం పనికొస్తుందో లేదో నాలాంటి పాత ఆటగాళ్ళు ఓటు వేసి తేలుస్తారు. పంపిందెవరో మాకు కనపడదు, ఓటేసిందెవరో వాళ్ళకి కనపడదు.

"అంటే అక్కడ కూడా మీ పని రిజెక్ట్ చెయ్యడమేనా?" అంది డాక్టరమ్మ.

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. అన్న పోయాక నడక మానేశాను. ఓట్లకి నడవక్కర్లేదు కాబట్టి అవి మాత్రం వేస్తున్నాను. ఇవాళ ఒకడు తన ఇంటి గేటు పంపాడు. ఇళ్ళు పనికిరావని ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు. ఇంకొకడు బొమ్మల షాపు ముందు రాత్రికి లోపల పెట్టేసే ప్లాస్టిక్ ఏనుగు పంపాడు. గుర్తు అన్నది ఉన్నచోట ఉండాలి. రెండూ కొట్టేశాను.

ఫిబ్రవరి 12

అన్న బల్ల వచ్చింది.

ఓట్ల వరుసలో మామూలుగా ఒక ఫొటో తర్వాత ఇంకో ఫొటో వస్తుంటే, ఇది వచ్చింది. పై వీధికీ కింది వీధికీ మధ్యనున్న మెట్లదారి, సగంలో మలుపు, ఆ మలుపులో ఇనుప బల్ల. గుండె ఆపరేషన్ అయ్యాక అన్నని మెట్లెక్కమన్నారు. సగం ఎక్కేసరికి ఆయాసం. కూర్చోడానికి అక్కడేం ఉండేది కాదు. అన్న లిఫ్ట్ మెకానిక్ కదా, తీసిపారేసిన పాత లిఫ్ట్ తలుపులు కోసి, మలిచి, బల్ల చేశాడు. మునిసిపాలిటీ వాళ్ళ చుట్టూ చెప్పులరిగేలా తిరిగి అనుమతి తెచ్చుకుని, అక్కడ బిగించాడు. వీపు ఆనే రేకు మీద అక్షరాలు కోశాడు: ఆగండి, ఊపిరి తీసుకోండి.

పంపినవాళ్ళు పేరు 'ఊపిరి బల్ల' అని పెట్టారు. కింద ఇలా రాశారు: "ఎక్కేవాళ్ళకి ఇది సరిగ్గా సగం దారి. రెండు నిమిషాలు కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. ముసలివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, సంచులు మోసేవాళ్ళు, అందరూ కూర్చుంటారు."

ప్రాణం లేచొస్తుంది! ఈ మాట ఎవరిదో నాకు తెలియదా? టీ తాగితే వదినకి ప్రాణం లేచొస్తుంది. ఫ్యాను తిరిగితే లేచొస్తుంది. నేను వాళ్ళింటి నుంచి చెప్పులేసుకుని బయల్దేరిన ప్రతిసారీ లేచొచ్చే ఉంటుంది.

అంటే అన్న ఫోన్ తీసుకుని ఆటలోకి దూరిందన్నమాట. అన్నా నేనూ పొద్దున్నే ఈ ఆట ఆడి తిరిగొస్తుంటే "వచ్చారా పిచ్చి అన్నాచెల్లెళ్ళు" అని వెక్కిరించిన మనిషి. ఇంకొకరి అకౌంట్ వాడటం కూడా తప్పే, అది వేరే సంగతి.

ఓటు వెయ్యలేదు. పక్కన పెట్టాను.

ఫిబ్రవరి 13

డ్యూటీ నుంచి నేరుగా మెట్లదారికి వెళ్ళాను. నవంబర్‌లో అన్న పోయాక అటు వెళ్ళడం ఇదే. బల్ల వీపు మీద ఇత్తడి ప్లేటు. అన్న పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, కింద "ప్రేమతో, భార్య". చెల్లెలు లేదు. చెల్లెలు ఆకాశం నుంచి ఊడిపడింది.

అసలు సంగతి అది కాదు. ఓటుకి వచ్చిన ఫొటోలో ఈ ప్లేటు లేదు. ఎంత తెలివో చూడు. చనిపోయినవాళ్ళ జ్ఞాపకార్థం పెట్టినవి గుర్తులుగా పనికిరావు, ఆ మనిషి ఊళ్ళో పేరున్నవాడైతే తప్ప. మంచి రూలది. లేకపోతే ప్రతి పార్కూ ఒక శ్మశానమైపోతుంది. ఆ రూలు ఎవరో చెప్పుంటారు, స్క్రూలు విప్పి ప్లేటు తీసి ఫొటో తీసుకుని, మళ్ళీ బిగించేసింది. ముప్పై ఏళ్ళు మెకానిక్‌తో కాపరం చేసింది, స్క్రూడ్రైవర్ పట్టడం రాదా?

దగ్గర నుంచి ప్లేటు ఫొటో తీసుకున్నాను. కూర్చోలేదు.

ఫిబ్రవరి 14

నాకేం కోపం లేదు.

ఫిబ్రవరి 16

ఓటు వేశాను.

'జ్ఞాపకచిహ్నం' అన్నది ఎంచుకోగానే ఇంకో ప్రశ్న వస్తుంది. ఈ వ్యక్తి ఊళ్ళో పేరున్న మనిషా? కాదు అని నొక్కాను. అబద్ధమేం కాదు. లిఫ్టులు బాగుచేసేవాడు. లిఫ్ట్ ఆగిపోయినప్పుడు తప్ప ఎవరికీ గుర్తుకు రాని మనిషి. రూలుని రూలులా చూడాలి, అన్న అయినా తమ్ముడైనా. అన్న కూడా ఇదే అనేవాడు.

ప్లేటు ఫొటో మా ఆటగాళ్ళ గ్రూపులో పెట్టాను. "ఓటుకొచ్చిన ఫొటోలో ఇది దాచారు, గమనించగలరు" అని రాశాను. ఎవరి బల్లో చెప్పలేదు. అన్న గ్రూపుల్లో చేరే రకం కాదు, ఆయన్ని అక్కడెవరూ ఎరగరు. గ్రూపులో జడ్జిగారని ఒకాయన ఉన్నాడు. అసలు పని బీమా ఏజెంటు, దేనిమీదైనా తీర్పు చెప్పందే ఊరుకోడు. "అక్కా, మీ కన్ను డేగ కన్ను. ఇలాంటి మోసాల్ని మొదట్లోనే తుంచెయ్యాలి" అన్నాడు. వరుసగా అందరూ బొటనవేళ్ళు ఎత్తారు.

చాలా రోజులకి ఆకలేసి తిన్నాను.

ఫిబ్రవరి 18

అనుకోకూడదనుకుంటూనే ఆ ఆస్పత్రి గది అనుకుంటున్నాను. రాసేస్తే పోతుందేమో.

అన్న ఐసీయూలో ఉన్నప్పుడు రక్తం నా కౌంటర్‌కే వచ్చేది. నేనే మెషీన్‌లో పెట్టేదాన్ని, అంకెలు నేనే చూసేదాన్ని. ఆ రోజు పెద్ద డాక్టరు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచి, ఇక్కడే ఉంచుతారా, ఇంటికి తీసుకెళ్తారా అని అడిగాడు. ఇంటికి తీసుకెళ్తాం అనేసింది వదిన. ఒక్క క్షణం నా వైపు చూసింది, అంతే, అనేసింది. నేను నోరు తెరిచే అవకాశం ఇచ్చిందా? ఇంకొంచెం ఆగితే ఏమయ్యేదో ఎవరు చెప్పొచ్చారు? మనుషులు అంతకంటే ఘోరమైన స్థితి నుంచి లేచి కూర్చున్నారు. ఇంటికి తీసుకెళ్ళిన మర్నాడు పోయాడు.

అప్పటి నుంచి ఆ గుమ్మం తొక్కలేదు. తొక్కను.

ఫిబ్రవరి 25

బల్ల తిరస్కరించారు. గ్రూపులో జడ్జిగారు చప్పట్ల బొమ్మలు పెట్టాడు.

మార్చి 1

వదిన ల్యాబ్‌కి వచ్చింది.

కౌంటర్ దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక అద్దం కింద నుంచి అన్న ఫోన్ లోపలికి తోసింది. జుట్టు సగం తెల్లబడింది. పార్లర్ నడిపే మనిషి, అందరి తలలకీ రంగులేసి తన తల వదిలేసింది.

"మీ అన్నయ్యకి ఏదో మెసేజ్ వచ్చింది. తిరస్కరించబడింది అనుంది. ఏం పంపారో, ఎవరికి పంపారో నాకేం అర్థం కాలేదు. మీ ఆటలా ఉంది, నువ్వే చూసి చెప్పు" అంది.

చూశాను. ఊపిరి బల్ల. పంపిన తేదీ ఆగస్టులోది.

ఆగస్టులో అన్న నడుస్తున్నాడు. పంపినవి నెలల తరబడి వరుసలో పడి ఉంటాయని ఈ ఆట ఆడే ప్రతివాడికీ తెలుసు. నావే ఆర్నెల్లు నానిన రోజులున్నాయి. ఆగస్టులో ప్లేటు లేదు. ప్లేటు మీద వెయ్యడానికి పోయిన ఏడు లేదు. దాచడానికి అక్కడేమీ లేదు. ప్రాణం లేచొస్తుంది అని రాసింది అన్న. ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళ నోట్లో ఎవరి మాట ఎవరిదని చెప్పగలం? ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు.

"ఇక్కడ కారణం రాశారు చూడు" అంది వదిన వేలు పెట్టి. "ఊళ్ళో పేరున్న మనిషి కాదు అట. ఎవరన్నారీ మాట?"

"చాలామంది ఓటేస్తారు. పేర్లు తెలియవు."

"నువ్వూ వేస్తావుగా?"

"వెనక జనం ఉన్నారు వదినా. పక్కకి జరుగు" అన్నాను.

ఫోన్ తీసుకుని జరిగింది. తర్వాత వచ్చినాయన సీసా మీద పేరు మూడుసార్లు చదివినా కళ్ళకి ఆనలేదు.

మార్చి 2

చెప్పక్కర్లేదు. ఓటు ఎవరిదో బయటపెట్టకూడదన్నది కూడా రూలే.

మార్చి 5

మనసు మనసులో లేదు. అన్న తన చేత్తో రాసుకున్నది, బతికుండగా పంపుకున్నది. జ్ఞాపకచిహ్నం అని కొట్టేశాను. ప్లేటు వెయ్యకుండా ఉంటే ఎవరూ కొట్టేసేవాళ్ళు కాదు. అంటే తప్పు ప్లేటుది. ప్లేటు వేసింది ఎవరు?

మార్చి 8

వదిన పార్లర్‌కి వెళ్ళాను. గుమ్మం తొక్కనన్నది ఇంటి గుమ్మం, పార్లర్ గుమ్మం కాదు.

ఒకావిడకి జుట్టు కత్తిరిస్తోంది. నన్ను అద్దంలో చూసి, కత్తెర ఆపకుండానే "కూర్చో" అంది. నేను కూర్చోలేదు. ముందే కూడబలుక్కున్నది గడగడా చెప్పేశాను. బల్ల రూలు ప్రకారం బాగానే ఉంది, అందరూ నడిచి వెళ్ళగలరు, ఎవరి ఇంట్లోనూ లేదు, కదిలేది కాదు, నలుగురికీ పనికొస్తోంది. నీ ప్లేటు ఒక్కటే అడ్డం. అది తీసేస్తే నేను కొత్తగా పంపుతాను.

"నా ప్లేటు అడ్డమా, నీ ఓటు అడ్డమా?" అంది.

"నా ఓటని నీకెవరు చెప్పారు?"

"ఇప్పుడు నువ్వే చెప్పావు, నీ మొహంతో."

కుర్చీలో ఆవిడ కదలబోయింది. "కదలకండి, చెవి తెగుతుంది" అంది వదిన. అని నా వైపు తిరిగింది. చేతిలో కత్తెర అలాగే ఉంది.

"సొంత అన్నని పేరున్న మనిషి కాదని రాయడానికి చెయ్యెలా వచ్చింది నీకు?"

"ప్లేటు మీద చెల్లెలు అని రాయించకపోవడానికి నీకు చెయ్యెలా వచ్చింది?"

"అడుగుదామంటే నువ్వు ఫోన్ ఎత్తితే కదా!"

"ఎందుకెత్తాలి? ఆస్పత్రి నుంచి నా అన్నని లాక్కుపోయినదానివి."

అనేశాను. ఇన్ని నెలలూ నోట్లో పెట్టుకుని తిరిగిన మాట, జుట్టు సగం కత్తిరించిన పరాయి మనిషి ముందు అనేశాను. వదిన కత్తెర బల్ల మీద పెట్టింది. ఆమె గొంతు పెంచుతుందనుకున్నాను. పెంచలేదు.

"ఆ రిపోర్టులు నాకంటే ముందు చూసింది నువ్వు. డాక్టరు కంటే కూడా ముందు. ఆ రోజు గదిలో నీ వైపు చూశాను. ఒక్క మాట, ఉంచుదాం వదినా అను చాలు, నా ఒంటి మీద ఉన్నవన్నీ అమ్మైనా ఉంచేదాన్ని. నువ్వు తలదించుకున్నావు. నీకు తెలుసు గనక దించుకున్నావు. ఆ మాట నువ్వు అనలేక నాచేత అనిపించావు. అనిపించి ఇన్నాళ్ళూ నన్ను హంతకురాల్ని చేశావు."

"అది కాదు" అన్నాను.

"మరేది?"

"నా జుట్టు..." అంది కుర్చీలో ఆవిడ.

"పేరు తీసేస్తేగానీ మీ ఆటలోకి రానివ్వరా ఆయన్ని? అలాంటి ఆట నాకొద్దు. బయటికి నడు" అంది వదిన.

నడిచాను.

మార్చి 9

తలదించుకున్నది నిజమే. చెప్పులు చూసుకున్నాను. ఆ పొటాషియం అంకెతో ఎవరూ బతకరని తెలిశాక ఇంక ఎటు చూస్తాను?

మార్చి 12

వదిన నుంచి మెసేజ్. "తీశాను. పంపు." ముందూ వెనకా ఇంకేం లేదు.

మెట్లదారికి పరిగెత్తాను. ప్లేటు ఉన్నచోట నాలుగు బెజ్జాలు, చుట్టూ రేకు కొంచెం తెల్లగా. ఫొటో తీశాను. పేరు ఊపిరి బల్ల అనే పెట్టాను. అన్న రాసిన మాటలు ఒక్క అక్షరం మార్చలేదు. పాత ఆటగాళ్ళకి ఏడాదికోసారి వరుస తప్పించి ముందుకి పంపే అవకాశం ఇస్తారు. నాది అలాగే దాచుకున్నాను. ఇవాళ వాడేశాను.

ఓటు మాత్రం నేను వెయ్యకూడదు. ఎవరిది వాళ్ళు వేసుకోకూడదన్నది రూలు.

మార్చి 20

వదిన ఫోన్. "వచ్చిందా?"

"ఇదేమైనా షుగర్ టెస్టా, సాయంత్రానికల్లా రావడానికి?"

"నీతో మాట్లాడాలంటేనే తలనొప్పి" అని పెట్టేసింది.

మార్చి 23

మళ్ళీ చేసింది. రాలేదన్నాను. నేనైతే ఫోన్ పెట్టెయ్యలేదు. తనే పెట్టేసింది.

ఏప్రిల్ 2

తిరస్కరించారు. కారణం: మామూలు బల్ల, విశేషమేమీ లేదు.

ఆ మెసేజ్ చదువుతుండగానే గ్రూపులో జడ్జిగారు. "అక్కా, మీరు పట్టుకున్న ఆ మెట్ల బల్ల గుర్తుందా? ఎవడో ఘనుడు ప్లేటు పీకి మళ్ళీ పంపాడు! బెజ్జాలు కనపడుతూనే ఉన్నాయి, రాత కూడా మక్కీకి మక్కీ పాతదే. మనవాళ్ళందరికీ చెప్పి కొట్టించేశాను. మీ దగ్గర నేర్చుకున్నదే!"

కింద బొటనవేళ్ళు. లెక్కపెట్టలేదు.

రాశాను: "పంపింది నేనే. ఆ బల్ల చేసింది మా అన్న."

చాలాసేపటికి జడ్జిగారు, "సారీ అక్కా, తెలియదు. కానీ రూలు రూలే కదా, మీరే అంటుంటారు" అని రాశాడు. వెటకారమా అంటే కాదు. నిజంగానే బాధపడుతూ రాశాడు. అందుకే ఇంకా మండింది. గ్రూపు నుంచి వచ్చేశాను.

పేరుంటే పేరున్న మనిషి కాదన్నాం. పేరు తీస్తే విశేషం లేదన్నారు. ఆ రెండో మాటకి వాళ్ళని తిట్టుకుందామని కూర్చున్నాను. తిట్టు నా దాకా వచ్చి ఆగిపోతోంది. అన్న నా వల్ల రెండుసార్లు పోయాడు, ఇంకేముంది.

ఏప్రిల్ 3

వదినకి చెప్పాను. మామూలు బల్ల అన్నారని చెప్పాను. నా గ్రూపువాళ్ళేనని కూడా చెప్పాను.

తిడుతుందని చూశాను. "ఆదివారం పొద్దున మెట్ల దగ్గరికి రా. ప్లేటు నేను తెస్తాను, స్క్రూడ్రైవర్ నువ్వు తీసుకురా. ఆయన పనిముట్ల డబ్బా నుంచి నువ్వు తీసుకెళ్ళినవి ఇంతవరకూ తిరిగివ్వలేదు" అంది.

ఏప్రిల్ 6

నేను వెళ్ళేసరికి వదిన బల్ల మీద కూర్చుని ఉంది. ప్లేటు ఒళ్ళో పెట్టుకుని కొంగుతో రుద్దుతోంది. జరగలేదు. నేను నిలబడే పని మొదలుపెట్టాను.

"ఎడమవైపు దిగింది" అంది.

"బెజ్జాలున్నచోటే బిగిస్తున్నాను. నువ్వే వంకరగా వేయించావు."

"నేను వేయించినప్పుడు తిన్నగానే ఉంది. నువ్వు పట్టుకోవడం వంకర."

నాలుగో స్క్రూ తిరగలేదు. నా చేతిలోది లాక్కుని తనే తిప్పింది. ఆమె తిప్పితే తిరిగింది. అది కూడా నాకు కోపమే.

అప్పుడు కింద నుంచి ఒక పెద్దావిడ, రెండు చేతుల్లో సంచులతో, మెట్టుకొకసారి ఆగుతూ వచ్చింది. బల్ల మీద సంచులు దించి, మా ఇద్దరి మధ్య నుంచి వంగి ప్లేటు చదివింది. పైకి చదివింది, పేరంతా.

"రోజూ కూర్చుంటాను. మధ్యలో కొన్నాళ్ళు ఈ పేరు లేదు, ఎవరో ఎత్తుకుపోయారనుకున్నాను. ఎవరమ్మా ఈయన? ఊళ్ళో పేరున్న మనిషేనా?" అంది.

"అవునండీ" అన్నాను నేను.

వదిన నన్ను కొరకొరా చూసింది. "పొద్దున్నే అబద్ధాలెందుకు? కాదండీ. లిఫ్టులు బాగుచేసేవారు. మా ఆయన" అంది. ఒక క్షణం ఆగి, ఇష్టం లేకుండానే నా వైపు గడ్డం ఊపి, "దీని అన్నయ్య" అంది.

పెద్దావిడ తలూపింది. "సరే, కాస్త జరగండమ్మా ఇద్దరూ" అంది. జరిగాం. ముగ్గురం కూర్చున్నాం. ఆవిడ ఊపిరి తీసుకుంటుంటే వదిన అటు తిరిగి ఏడ్చింది, నేను ఇటు తిరిగి ఏడ్చాను.